బండి మీది పొయ్యి గదిలోకొస్తే



పొయ్యి మండకపోతే ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు ఇంటింటికీ ఉంటారు. ఊదమంటారు, కట్టె ఎగదొయ్యమంటారు, పిన్ను కొట్టమంటారు. మంట మరీ ఎక్కువైతే ఏం చెయ్యాలో చెప్పేవాళ్లే దొరకరు. ఇవాళ నేను ఆ రెండో బాధ గురించి మాట్లాడతాను. రంపపు పొట్టు, చెరకు పిప్పి, వేరుశనగ తొక్క లాంటివి మరలో పెట్టి గట్టిగా ఒత్తితే చిటికెన వేలి మందాన, కణుపంత పొడుగున ముక్కలు వస్తాయి. పెల్లెట్లు అంటున్నారు వాటిని. అవి పోసి, అడుగున చిన్న ఫ్యాను తిప్పుతూ వండే పొయ్యి ఒకటుంది. దాని సంగతి. అందులోనూ కొత్తది కాదు, ఒకరు వాడుకుని అమ్మేసినది.

నేనుండేది ముంబయిలో, కామాటిపురాలో. హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పడి, బొంబాయి ద్వీపాల నడుమ పల్లపు నేల ఆరాక, నిజాం ఇలాకా నుంచి ఇళ్లు కట్టే పనికి వచ్చిన మనవాళ్లు కాపురాలు పెట్టిన పేట ఇది. బొంబాయి గోడలు లేపినవాళ్లు తాము మాత్రం చిన్న చిన్న గదుల్లోనే ఉండిపోయారు. ఆ కథ పెద్దది, ఇంకో రోజు చెప్పుకోవాలి. ఇవాళ్టికి మనకు కావలసింది ఆ గది కొలత ఒక్కటే. వర్లీ, నాయ్‌గావ్ వైపు 1920లలో కట్టిన బీడీడీ చాళ్లలో, అంటే వరసగా ఒంటిగది కాపురాలుండే పెద్ద బిల్డింగుల్లో, ఒక్కో గది 160 చదరపు అడుగులు. మా పేటలో అంతకన్నా ఇరుకైనవీ ఉన్నాయి. అందులోనే నీళ్లు వాడుకునే మోరీ, అందులోనే పైన అటక, అందులోనే పడక, అందులోనే పొయ్యి. ఊళ్లో పెరట్లో పొయ్యి కొంచెం ఎక్కువ మండితే పప్పు అడుగంటుతుంది, అంతే. ఇక్కడ ఎక్కువ మండితే అటక మీద బట్టలు వెచ్చబడతాయి.

సెకండ్ హ్యాండ్ సామాను కొనడం మాకు నామోషీ కాదు. దో టాకీ దాటితే చోర్ బజారే. మటన్ స్ట్రీట్ దుకాణాలు శుక్రవారం మూస్తారు గానీ, ఆ రోజే తెల్లవారుజామున రోడ్డు మీద పాత సామాన్ల సంత పరుస్తారు. కుట్టు మిషన్లు, ఫ్యాన్లు, ఇత్తడి బిందెలు, పొయ్యిలు, ఏది కావాలంటే అది. అక్కడ వస్తువు ధర అడిగేవాళ్లే గానీ, దీన్ని ఇంతకుముందు ఎవరు, ఎందుకు వాడారని అడిగేవాళ్లు తక్కువ. పొయ్యి విషయంలో మాత్రం ముందు అడగవలసింది అదే.

మా గల్లీలో ఒక అక్క ఖానావళి నడుపుతుంది. బల్లలు, బోర్డు ఉన్న హోటల్ అనుకోకండి. ఒక్క గది. కాపురం అందులోనే, పొద్దున కూలికి పోయే మనవాళ్లకు డబ్బాలు కట్టడం అందులోనే. వ్యాపారానికి 19 కిలోల లాంటి కమర్షియల్ సిలిండరే వాడాలి, ఇంటికిచ్చే 14.2 కిలోలది వాడితే పట్టుకుంటారు. ఆ పెద్ద సిలిండరు తనకు కుదరక ఆమె పెల్లెట్ పొయ్యి ఒకటి పాత సామాన్లలో చూసి తెచ్చుకుంది. నేను పాత ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తుంటాను గనక నన్ను పిలిచింది.

"తమ్మీ, గీ పొయ్యి నా మాట ఇంటలేదు. అన్నం అడుగు మాడుతది, పైన పలుకుంటది. తగ్గిద్దామంటే చెవి లేదు, ఏం లేదు."

"ఎవలు అమ్మిన్రక్కా నీకు?"

"వడాపావ్ బండాయన. ఊరికి పోతున్నడట, అగ్గువకు ఇచ్చిండు."

నాకు సగం సమాధానం అక్కడే దొరికింది. వడాపావ్ బండి ఉండేది రోడ్డు మీద. చుట్టూ గాలి. పైన ఎప్పుడూ కాగుతుండే నూనె మూకుడు. ఆయనకు కావలసింది తగ్గని మంట. అక్కకు కావలసింది తగ్గే మంట. బండి మీద నిప్పులాగా పనిచేసిన పొయ్యే గదిలోకి రాగానే చెడిపోయినట్టు కనిపిస్తోంది. నిజానికి చాలా పాత పొయ్యిలు చెడిపోయి ఉండవు. వెనకటి యజమాని అవసరం ఏదో అందులో మిగిలిపోయి ఉంటుంది. దాన్ని వెతికి తీసెయ్యడమే రిపేరు.

వెతకాలంటే ముందు ఈ పొయ్యి ఎలా మండుతుందో తెలియాలి. మా చాళ్లలో పెద్దవాళ్లు ఎన్నో పొయ్యిలు చూశారు. బొగ్గుల సిగడీ చూశారు. దాన్ని తగ్గించాలంటే రెండు బొగ్గులు తీసి పక్కన పెట్టేవాళ్లు. తర్వాత కిరసనాయిలు పంపు స్టవ్వు. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన తయారుచేసిన ప్రైమస్ స్టవ్వు వారసులే అవన్నీ. రేషన్ దుకాణం ముందు డబ్బా పట్టుకుని వరసలో నిలబడినవాళ్లకు ఆ స్టవ్వు చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంటుంది. మంట ఎక్కువైతే ట్యాంకు మీది మర కాస్త వదులు చేస్తే బుస్సుమని గాలి పోయేది, మంట దిగేది. ఆ తర్వాత గ్యాసు. 1950లలో బర్మా షెల్ వాళ్లు ఈ బొంబాయిలోనే బర్షేన్ పేరుతో సిలిండర్లు మొదలుపెట్టారు గానీ చాలీ గదుల్లోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. గ్యాసుకు చెవి తిప్పితే చాలు. ఈ పొయ్యిలన్నిటిలో ఒక సంగతి ఉంది. మంట తగ్గాలంటే ఇంధనాన్ని తగ్గిస్తాం. అందుకే అక్క కూడా అదే చేసింది. మంట ఎక్కువగా ఉందని పెల్లెట్లు సగమే పోసింది. మంట మాత్రం అంతే వచ్చింది, సగం సేపట్లో ఆరిపోయింది.

పెల్లెట్ పొయ్యిలో ఇంధనం ముందే లోపల ఉంది. దాన్ని కొంచెం కొంచెంగా మండించేది గాలి. మన ఊళ్లలో టీ హోటళ్లలో రంపపు పొట్టు పొయ్యి ఉండేది, గుర్తుందా? డబ్బా నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, సీసా లాగేస్తే నిట్టనిలువు బొక్క మిగిలేది. అడుగున పక్క నుంచి ఇంకో బొక్క. ఆ కింది బొక్కలో కట్టె ముక్క లోపలికి నెడితే మంట దిగేది, బయటికి లాగితే లేచేది. పెల్లెట్ పొయ్యి సూత్రం కూడా అదే. తేడా ఏమిటంటే ఇక్కడ గాలి దానంతటది రాదు, ఫ్యాను తోస్తుంది.

విప్పి చూస్తే లోపల ఇంతే ఉంటుంది. నడుమ వేడికి తట్టుకునే మట్టితో చేసిన గొట్టం, దాని అడుగున పోత ఇనుము జాలీ, ఆ జాలీ కింద గాలి గది, పక్కన ఫ్యాను. ఫ్యాను తోసిన గాలి రెండు దారుల్లో పోతుంది. కొంత జాలీలోంచి పైకి, పెల్లెట్ల మధ్యకు. మిగతాది గొట్టం చుట్టూ తిరిగి, పైఅంచు దగ్గర వరసగా ఉన్న చిన్న తూట్లలోంచి లోపలికి. నిప్పు పైన ముట్టించాలి. నిప్పు పై పొర నుంచి నెమ్మదిగా కిందికి దిగుతుంటుంది. అడుగు గాలి ఆ పొరను కాల్చి, పెల్లెట్ల నుంచి మండే వాయువును లేపుతుంది. పైతూట్ల గాలి ఆ వాయువును తగలబెడుతుంది. మనకు కనిపించే మంట ఆ వాయువుదే. కాబట్టి అడుగు గాలి ఎంత ఎక్కువైతే నిప్పు అంత తొందరగా కిందికి దిగుతుంది, మంట అంత పెద్దదవుతుంది.

ఇది మన దేశంలో చిన్న ప్రయత్నమేమీ కాదు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో దహనం మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఈ రకం పొయ్యిని రూపొందిస్తే, బీపీ కంపెనీ 2006 ప్రాంతంలో ఊర్జా అనే పేరుతో మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు పల్లెల్లో అమ్మింది. 2009లో ఆ వ్యాపారం పుణేలోని ఫస్ట్ ఎనర్జీ చేతికి వచ్చింది. మొత్తం మీద నాలుగు లక్షల పైచిలుకు పొయ్యిలు అమ్ముడుపోయాయి. తర్వాత పిప్పి, తొక్కలాంటి ముడిసరుకు ధరలు పెరిగాయి, పెల్లెట్ల ధరా పెరిగింది. ఇళ్లవాళ్లు చాలామంది పక్కన పెట్టేశారు. కంపెనీ చూపు హోటళ్ల వైపు మళ్లింది. పొయ్యి బాగుండీ, పెల్లెట్లు గిట్టుబాటు కాక మూలపడిన సరుకు కొంత ఇలా పాత సామాన్ల సంతలకు చేరుతుంటుంది. అందుకని వీటిని చూడగానే పనికిరానివని అనుకోనక్కర్లేదు. అమెరికాలో ఉన్న మన పిల్లలతో పెల్లెట్ స్టవ్ అంటే వాళ్లకు గది వెచ్చబెట్టే పెద్ద పెట్టె గుర్తుకొస్తుంది. అందులో పెల్లెట్లను మర కొద్దికొద్దిగా పడేస్తుంటుంది. అది వేరే జాతి, దాని జోలికి నేను పోను.

ఇక అక్క పొయ్యి. మొదట నేను ఆమెను అడిగింది, వేడి ఎక్కడ ఎక్కువ అని. మంట ఎక్కువా, పొయ్యి ఒళ్లు ఎక్కువ కాలుతోందా? ఈ రెండూ ఒకటి కాదు. ఒళ్లు కాలుతుంటే లోపలి మట్టి గొట్టం పగిలి ఉంటుంది, లేదా జాలీకి గొట్టానికి మధ్య సందు పడి గాలి అంచుల వెంబడి పైకి ఎగబాకుతుంటుంది. అలాంటప్పుడు నిప్పు నడుమ కాకుండా గోడను ఆనుకుని మండుతుంది. సన్నని పగుళ్లయితే హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఫైర్ క్లే నీళ్లతో కలిపి పూసి, రెండు రోజులు ఆరనిచ్చి, మొదటిసారి చిన్న మంటతో కాల్చాలి. గొట్టంలోంచి ముక్క ఊడి ఉంటే మాత్రం పూతలతో లాభం లేదు. సిమెంటు పూసేవాళ్లను చూశాను. ఆ వేడికి అది పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది, పొరపాటున కూడా పూయకండి.

అక్క పొయ్యి ఒళ్లు బాగానే ఉంది. మంటే ఎక్కువ.

అప్పుడు గడియారం చూశాం. ఇది నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. ఇంటి రకం పొయ్యిలో గొట్టం అడ్డం పది సెంటీమీటర్లు ఉంటుంది, 600 గ్రాముల దాకా పెల్లెట్లు పడతాయి. మామూలుగా నిమిషానికి పది పన్నెండు గ్రాములు కాలుతాయి, అంటే నిండా పోస్తే గంటో, కాస్త తక్కువో మండుతుంది. కిలో పెల్లెట్లలో 3,500 నుంచి 4,000 కిలో కేలరీల వేడి ఉంటుందనుకుంటే, అందులో నూటికి నలభై గిన్నెలోకి చేరినా, మూత పెట్టిన రెండు లీటర్ల నీళ్లు సుమారు పది నిమిషాల్లో మరుగుతాయి. అక్క పొయ్యి మీద ఐదు నిమిషాలకే తెర్లాయి. 600 గ్రాములు అరగంటకే అయిపోయాయి. అంటే రెండింతల గాలి పోతోందన్నమాట. త్రాసు, గడియారం, నీళ్ల గిన్నె ఉంటే చాలు, ఏ మిస్త్రీ అక్కర్లేదు.

ఫ్యాను దగ్గర పొయ్యిని తిప్పి చూస్తే సంగతి బయటపడింది. వేగం తగ్గించే రెగ్యులేటర్ పీకేసి ఉంది. తీగలు రెండూ నేరుగా మెలిపెట్టి టేపు చుట్టారు. ఫ్యాను మీద 12 వోల్టులని రాసి ఉంది, దానికి తగిలించింది లాప్‌టాప్ అడాప్టర్, 19 వోల్టులది. బండాయన పని బండాయనకు బాగానే జరిగింది. గాలిలో మంట నిలబడింది, నూనె చల్లారలేదు. ఫ్యాను మాత్రం ఇంకొన్నాళ్లలో కాలిపోయేది. అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఫ్యాను మీద రాసిన వోల్టులు ఒకటే ఉండాలి. ప్లగ్గు దూరింది కదా అని సరిపోయిందనుకోకూడదు.

గ్రాంట్ రోడ్డు పక్కనే లామింగ్టన్ రోడ్డు మాకు కాలినడక. అక్కడ 12 వోల్టుల అడాప్టరూ, డీసీ ఫ్యాను వేగం తగ్గించే చిన్న రెగ్యులేటరూ రెండూ దొరుకుతాయి. కొనేటప్పుడు ఎన్ని ఆంపియర్లో ఫ్యాను మీద చూసి అంతకన్నా ఎక్కువదే అడగాలి. రెగ్యులేటర్‌ను పొయ్యికి అతికించకండి. తీగ పొడుగు పెంచి గోడకు బిగించండి, వేడికి పాడవదు, చెయ్యీ కాలదు. రెగ్యులేటర్ పెట్టాక మంట దిగింది. అక్క ముఖంలో కోపమూ దిగింది. కానీ పని అక్కడితో అయిపోలేదు, ఎందుకంటే మంట తగ్గిందే గానీ పచ్చగా, పొడుగ్గా, మసి కక్కుతూ ఉంది.

దానికి కారణం గంజి. మన వంటలో అన్నం పొంగకుండా ఎక్కడ ఉంటుంది? పొంగిన గంజి గొట్టం అంచు మీద కారి, పైతూట్లలో ఎండి, కాలి, నల్లటి పెళ్లగా గట్టిపడింది. సగం పైతూట్లు మూసుకుపోయాయి. ఫ్యాను ఒకటే, దారులు రెండు. పైదారి మూసుకుంటే ఆ గాలంతా అడుగు దారి పడుతుంది. అప్పుడు వాయువు ఎక్కువగా లేస్తుంది, దాన్ని కాల్చే పైగాలి మాత్రం తక్కువ. మంట ఎత్తుగా లేచి గిన్నెను చుట్టేస్తుంది, మసి పడుతుంది, కళ్లు మండుతాయి. ఇది చూసినవాళ్లు గాలి చాలట్లేదనుకుని ఫ్యాను ఇంకా పెంచుతారు. మరింత మండుతుంది, మరింత మసి. పొయ్యి పూర్తిగా చల్లారాక సైకిల్ పుల్లతోనో గట్టి ఇనప తీగతోనో ఒక్కొక్క తూటు పొడిచి శుభ్రం చేశాను. తూటు పెద్దది కాకుండా చూసుకోవాలి, డ్రిల్లు మిషన్ తెచ్చి వెడల్పు చేసే తెలివి వద్దు. ఆ తర్వాత ముట్టిస్తే మంట పొట్టిగా, గట్టిగా, తూట్ల దగ్గర నుంచి లోపలికి ముడుచుకుని వచ్చింది. నా దృష్టిలో మన తెలుగిళ్లలో ఈ పొయ్యి అతిగా మండడానికి ఫ్యాను కన్నా గంజే పెద్ద కారణం. వారానికోసారి తూట్లు చూసుకోండి.

ఏం పోస్తున్నామన్నదీ చూడాలి. "ఏం పోస్తవక్కా ఇందుల?" అంటే ఆమె కొంచెం మొహమాటపడి, పెల్లెట్లు అయిపోయిన రోజు కొబ్బరి చిప్పలు, బొగ్గులు పోశానంది. కొబ్బరి చిప్ప చాలా వేడిగా కాలుతుంది. బొగ్గు పోసి కింద ఫ్యాను పెడితే అది కమ్మరి కొలిమే. జాలీ ఎర్రగా కాగి వంగిపోతుంది. వంగిన జాలీ పక్కన సందు పడుతుంది, ఆ సందులోంచి గాలి, మళ్లీ మొదటికొస్తుంది. అంతకన్నా ముఖ్యం, బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. తలుపు మూసిన చాలీ గదిలో తలనొప్పితో మొదలై మనిషిని లేవనివ్వదు. పెల్లెట్ పొయ్యిలో పెల్లెట్లే పొయ్యాలి. పోసేటప్పుడు పైతూట్లకు ఒక అంగుళం కిందే ఆపాలి. తూట్లు మునిగేలా పోస్తే వాయువు కాలేది గొట్టం లోపల కాదు, గిన్నె చుట్టూ. నడుమలో పెల్లెట్లు అయిపోతున్నాయని పైనుంచి గుప్పెడు వెయ్యడం కూడా వద్దు. భగ్గుమంటుంది, ముందు పొగ, వెనకాల మంట.

మరి ఆర్పడం ఎలా? ఈ పొయ్యితో చాలామందికి పడని సంగతి ఇదే. ముట్టించాక నడుమలో ఆర్పడం కుదరదు. ఫ్యాను ఆపితే మంట పోతుంది, పొగ మొదలవుతుంది. నీళ్లు పోస్తే మట్టి గొట్టం పగులుతుంది. కాబట్టి పోసేముందే ఎంతసేపు వండుతామో లెక్క చూసుకోవాలి. పోసిన పెల్లెట్లలో ముప్పావు వంతుకు పైగా మంటగా కాలుతుంది. చివర మిగిలేది బొగ్గు, అది పెద్ద మంట లేకుండా చిన్న నీలి నాలుకలతో కణకణలాడుతుంది. అక్క అప్పుడూ ఫ్యాను పూర్తిగా తిరగనిచ్చేది. ఆ దశలో ఫ్యానుకు పని తక్కువ, బాగా తగ్గించెయ్యాలి, లేకపోతే జాలీ కాలిపోతుంది. ఆ దశలోనే కార్బన్ మోనాక్సైడ్ కూడా ఎక్కువ, కిటికీ తీసి ఉంచాలి, పొయ్యిని తలుపు దగ్గరికి పెట్టుకోవాలి. చాళ్లో అందరూ తిరిగే గ్యాలరీలోకి తోయమని చెప్పను, పిల్లలు పరుగెత్తే చోటది.

వంట వరస మారిస్తే సగం బాధ పోతుంది. ఇది నేను చెప్పింది కాదు, అక్కే నాలుగు రోజుల్లో కనిపెట్టుకుంది. ముట్టించగానే పెనం పెట్టి జొన్న రొట్టెలు. రొట్టెకు గట్టి సెగ కావాలి, ఈ పొయ్యి ఇచ్చేదే అది. తర్వాత అన్నం, ఫ్యాను సగానికి తగ్గించి. చివర బొగ్గు మిగిలినప్పుడు పప్పు, పులుసు. మనం మామూలుగా గ్యాసు మీద పప్పు ముందు వేసి రొట్టెలు చివర కాల్చుకుంటాం. ఇక్కడ తలకిందులు. గిన్నె కూడా కొంచెం వెడల్పుది ఉండాలి, పొయ్యి మూతి కన్నా పెద్దది. చిన్న గిన్నె పెడితే మంట పక్కనుంచి పైకి లేచి పిడి కాలుతుంది. గిన్నె చుట్టూ ఉండే సందు మాత్రం రేకులతో మూయకండి, కాలిన గాలి బయటికి పోవాలి.

అన్నీ చేసినా కొన్ని పొయ్యిలు తగ్గవు. గొట్టం అడ్డం కొలిచి చూడండి. పది సెంటీమీటర్లు కాక పదిహేను ఉంటే ఆ వైశాల్యం రెండింతలకు పైగా ఉన్నట్టు, మంట కూడా అంతే. అది హోటల్ కోసం చేసినదే. ఫ్యాను తగ్గిస్తే కొంతవరకు తగ్గుతుంది, ఇంకా తగ్గిస్తే పైమంట ఆరిపోయి గదంతా పొగ. దాన్ని ఇంటికి సరిపెట్టాలని డబ్బు పెట్టడం దండగ. బోనాలకో బతుకమ్మకో వాడకట్టంతా కలిసి వండుకున్నప్పుడు పనికొస్తుంది, లేదంటే కొన్నచోటే అమ్మెయ్యండి.

చోటు గురించి ఒక్క మాట. మా పేటలో చాలా చాళ్లు మరమ్మతుల సెస్ కట్టే పాత బిల్డింగులు. ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా పేటంతా కూలగొట్టి కొత్తగా కడతామంటోంది, అది అయ్యేదాకా చెక్క మెట్లు, చెక్క దూలాల మీదే మా బతుకు. పొయ్యి కింద షాబాదు బండ పరవాలి, బండ కింద నాలుగు ఇటుక ముక్కలు పెట్టి గాలి ఆడేలా చెయ్యాలి. పైన అటక ఉన్న చోట అసలు పెట్టకూడదు. తీసిన బూడిదలో నిప్పు గంటల తరబడి ఉంటుంది, ఇనప డబ్బాలో పోసి మూత పెట్టాలి. ప్లాస్టిక్ బకెట్లో పోసి మోరీ పక్కన పెట్టే అలవాటు చూశాను, అది మానాలి. ఇంకొకటి, 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు, కట్టెలూ బొగ్గూ వాడే బేకరీలు, తందూర్లు ఆరు నెలల్లో గ్యాసుకో మరో శుభ్రమైన ఇంధనానికో మారాలని చెప్పింది. ఇంట్లో వండుకోవడం వేరు, డబ్బాలు అమ్మడం వేరు. పెల్లెట్లతో వ్యాపారం చేయదలుచుకున్నవాళ్లు బైకుల్లాలోని ఈ వార్డు ఆఫీసులో అడిగి తెలుసుకుని మొదలుపెట్టడం మంచిది. అక్కకు కూడా అదే చెప్పాను. "అడిగితె వద్దంటరు తమ్మీ" అంది. అడిగి వద్దనిపించుకోవడం, అడక్కుండా నడిపితే వాళ్లొచ్చి సామాను ఎత్తుకుపోవడం కన్నా నయం కదా అన్నాను. అక్క ఆ ఆఫీసుకు ఇంకా పోలేదు.

పెల్లెట్లు కొనేవాళ్లు వానాకాలానికి ముందు ఎక్కువగా తెచ్చి పెట్టుకోకండి. ముంబయి తేమకు అవి ఉబ్బి, చేత్తో పట్టుకుంటే పొడి పొడి అవుతాయి. పొడి జాలీని మూసేస్తుంది. మూత గట్టిగా పడే రేకు డబ్బాలో, నేలకు ఎత్తుగా ఉంచి, పోసేముందు జల్లెడ పట్టుకోండి.